నైరుతి మూల బీరువా సంగతి

రాజమహేంద్రవరం,
నవంబరు 24

చి.ల.సౌ. వసుధను ఆశీర్వదించి అమ్మ రాయునది.

ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ నాన్నగారి మోకాలు కొంచెం నెమ్మదించింది. సాయంత్రాలు మళ్ళీ గోదావరి గట్టు దాకా వెళ్ళి వస్తున్నారు. కార్తికం అయిపోయి రేవులో సందడి తగ్గిందట.

ఫెంగ్‌షుయి, అంటే చైనా వాళ్ళ వాస్తు, పేరుతో అమ్మే సామాను ఫోటోలు నువ్వు పంపినవన్నీ చూశాను. నవ్వే బుద్ధుడు, నోట్లో నాణెం కరచుకున్న మూడు కాళ్ళ కప్ప, దారానికి వేలాడే గాజు గోళం, గాలి గంటలు, ఎనిమిది పలకల అద్దం. "ఇవి పెడితే ఇంట్లోకి వెలుగు వస్తుందంటున్నారు, కొననా అమ్మా?" అని అడిగావు. నాకు మాత్రం అంతకుముందు నువ్వన్న మాటే చెవిలో ఉండిపోయింది. నాలుగు కాకుండానే చీకటి పడుతోందని, పొద్దున్న చిన్నదాన్ని బడికి తయారుచేసేటప్పుడూ లైట్లే, సాయంత్రం తీసుకొచ్చేటప్పుడూ లైట్లేనని, ఇల్లు మీద పడుతున్నట్టుందని అన్నావు. అది కప్పతో తీరే కష్టం కాదు. ఫోనులో చెబుదామంటే నన్ను రెండో మాట దాటనివ్వవు. అందుకే కాగితం తీసుకున్నాను.

ముందు ఒక్క మాట. ఆ జాబితాలోవి ఏవీ ఇప్పుడే కొనకు. ముందుగదిలో నైరుతి మూల ఉన్న బీరువా జరుపు. ఎందుకో చెబుతాను. పూర్తిగా చదివాక విసుక్కో.

బళ్ళో భూగోళం చెప్పినన్నాళ్ళూ డిసెంబరు వచ్చిందంటే ఆవరణలో కర్ర పాతించి పిల్లలచేత నీడ కొలిపించేదాన్ని. నువ్వూ కొలిచావు, గుర్తుండాలి. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం మన ఊళ్ళో సూర్యుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మీటరు కర్రకు మీటరు లోపే నీడ. స్కాట్లండ్‌లో మీ ఎడిన్‌బరో 56వ అక్షాంశం దగ్గర ఉంది. అదే రోజు అక్కడ మధ్యాహ్నం కూడా సూర్యుడు 11 డిగ్రీలు దాటి లేవడు. మీటరు కర్ర నీడ అయిదు మీటర్లు దాటుతుంది. ఉదయం 8.42కు పొద్దు పొడిచి, మధ్యాహ్నం 3.40కే గుంకుతుంది. ఏడు గంటలు కూడా నిండని పగలు. మనకు ఏడాదిలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలు దాటి ఉంటుంది.

ఎత్తు సంగతి సరే, దిక్కు చూడు. ఆ రోజుల్లో మీ సూర్యుడు తూర్పున పుట్టనే పుట్టడు. సరిగ్గా ఆగ్నేయంలో లేచి, దక్షిణం మీదుగా పాకి, నైరుతిలో దిగిపోతాడు. ఈశాన్యం గడప తొక్కడు, ఉత్తరం ముఖం చూడడు. నీ ముందుగదికి వీధి మీదికి పొడుచుకొచ్చిన కిటికీ మూడు పలకలది కదా. మధ్య పలక దక్షిణానికి, పక్కవి రెండూ ఆగ్నేయానికీ నైరుతికీ తిరిగి ఉన్నాయి. అంటే శీతకాలపు సూర్యుడి దారి అంతా ఆ కిటికీలో ఉంది. నువ్వేమో నైరుతి పలకకు అడ్డంగా బీరువా నిలబెట్టావు. సందుల్లోంచి చలిగాలి వస్తోందని ఆగ్నేయం పలక పరదా దించేసి, దాన్ని పగలు కూడా ఎత్తడం లేదు. మిగిలిన మధ్య పలకలోంచి ఎంత వెలుగు వస్తుంది, ఎంతసేపు వస్తుంది?

బీరువా అక్కడికి ఎలా చేరిందో నాకు తెలుసు. మీ అత్తగారు వీడియోకాల్‌లో ఇల్లంతా చూసి నైరుతి బరువుగా ఉండాలన్నారు. తణుకులో తమ ఇంటి గురించి ఆవిడ ఆ మాట అంటే నేనూ తల ఊపేదాన్ని. మన వైపు ఏడాదిలో చాలా నెలలు మధ్యాహ్నపు ఎండ పడమర, నైరుతి గోడల మీదే కాస్తుంది. వానాకాలం జడీ చాలామటుకు అటునుంచే కొడుతుంది. అటువైపు గోడ మందంగా కట్టుకుని, బరువు సామాను పెట్టుకుని, ఈశాన్యం తెరిచి పొద్దుటి లేత వెలుగు రానిచ్చుకోవడం మన నేలకు చక్కగా కుదిరింది. ఎండతో వేగిపోయేవాళ్ళ ఏర్పాటు అది. ఎండకు మొహం వాచిన ఊరికి దాన్ని అక్షరం మార్చకుండా పట్టుకుపోతే ఉన్న కాస్త వెలుగునూ మనమే మూసుకున్నవాళ్ళమవుతాం.

ఇక నీ ఫెంగ్‌షుయి. "చైనా వాళ్ళ మూఢనమ్మకం" అని అల్లుడుగారు కొట్టిపారేశారన్నావు. నేను అంత తేలిగ్గా కొట్టిపారేయను. అమ్మకానికి పెట్టిన సామాను పక్కన పెడితే, ఆ శాస్త్రం వెనక ఉన్న ఆకాశం మన ఆకాశం కంటే నీ ఆకాశానికి దగ్గర.

క్రీస్తుశకం 324లో పోయిన గువో పు అనే పండితుడి పేరు మీద ఒక పాత గ్రంథం ప్రచారంలో ఉంది. గాలి తగిలితే చీ చెదిరిపోతుంది, నీటి దగ్గర ఆగుతుంది అన్న సూత్రం దానిదే. చీ అంటే వాళ్ళ లెక్కలో అంతటా ప్రవహించే ప్రాణశక్తి. తమాషా ఏమిటంటే ఆ గ్రంథం ఇళ్ళ గురించి రాసినది కాదు, సమాధుల గురించి. పెద్దవాళ్ళను ఏ కొండ ఒడిలో పాతిపెడితే వంశం కళకళలాడుతుందన్నదే అందులో విచారం. గాజు గోళాలు అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

ఇళ్ళ దగ్గరికి వస్తే ఉత్తర చైనా వాళ్ళ ఆలోచన చూడు. చలికాలం సైబీరియా వైపు నుంచి ఎముకలు కొరికే గాలి వస్తుంది. కాబట్టి వెనక్కి కొండ ఉండాలి, ముఖం దక్షిణానికి ఉండాలి. బీజింగ్ పాతబస్తీలో నడిమి వాకిలి చుట్టూ నాలుగు వైపులా గదులు కట్టిన ఇళ్ళుంటాయి. మన మండువా లోగిళ్ళకు దూరపు చుట్టాలు. వాటిలో ప్రధానమైన గది ఉత్తరం పక్కన ఉంటుంది. దాని తలుపులూ కిటికీలూ దక్షిణానికి, అంటే ఆ వాకిట్లోకి. వెనక గోడ గుడ్డిగోడ. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ గదే. బీజింగ్ 40వ అక్షాంశం దగ్గరిది కాబట్టి డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 27 డిగ్రీల దగ్గర వాలి, చూరు కింద నుంచి గది లోపలిదాకా వస్తాడు. జూన్‌లో 73 డిగ్రీల పైన ఉంటాడు, చూరే అతన్ని బయట ఆపేస్తుంది. 1420లో పూర్తయిన రాజప్రాసాదం కూడా దక్షిణముఖమే. దాని వెనక ఉత్తరాన కొండ లేకపోతే కందకం తవ్విన మట్టితో జింగ్‌షాన్ అనే గుట్టనే పోసుకున్నారు. పల్లెల్లో ఇటుకలతో మంచం కట్టి, వంటపొయ్యి పొగను దాని కిందనుంచి పోనిచ్చి, దానిమీద పడుకునేవారు. ఇవన్నీ మొదట చలి బాధ తెలిసినవాళ్ళు చేసిన పనులు. వాటికి చీ అని, డ్రాగన్ అని, పులి అని పేర్లు ఆ నేల భాషలో పెట్టుకున్నారు.

అందుకే వాళ్ళకు దక్షిణం రాజు చూసే దిక్కు, నిప్పు దిక్కు, ఎర్రని పక్షి దిక్కు. వాళ్ళ అష్టకోణ చక్రంలో దక్షిణాన్ని పైన గీస్తారు. మనకేమో యముడి దిక్కు. దక్షిణం గుమ్మమంటే అద్దెకు వచ్చేవాళ్ళు కూడా వెనక్కి తగ్గుతారు. మెల్‌బోర్న్‌లో మీ పెదనాన్న కొడుకు ఇంట్లో ఎండ ఉత్తరం కిటికీలోంచి వస్తుంది, ఆ సంగతి మన వాస్తుకూ పట్టదు, వాళ్ళ ఫెంగ్‌షుయికీ పట్టదు. దిక్కు పేరు పట్టుకుని వేలాడకుండా సూర్యుడు ఎటున్నాడో చూసుకుంటే ఏ ఊళ్ళోనూ తికమక లేదు.

సరే, నీ ముందుగదిలోకి వద్దాం. కిందటేడు ఎదుటి మేడల కప్పుల మీదుగా పడిన మధ్యాహ్నపు ఎండ ఫోటో నువ్వే పంపావు. అంత కిందినుంచి వచ్చే ఎండ గదిలో దూరంగా పోతుంది. మన ఊళ్ళోలాగా కిటికీ గట్టుమీదే ఆగిపోదు, ఎదుటి గోడ దాకా పాకుతుంది. ఆ ఎదుటి గోడకు నువ్వు ముదురు గోధుమరంగు పుస్తకాల బీరువా ఆనించావు, పైన నల్ల చట్రాల ఫోటోలు. వచ్చిన వెలుగంతా అది మింగేస్తోంది. అద్దె ఇల్లు, రంగు వేయకూడదంటావు. వేయొద్దు. ఆ అరల వెనక పలకకు తెల్ల కాగితం అంటించు, పైన ఫోటోల చోట లేతరంగు గుడ్డ ఏదైనా వేలాడదీయి. పెద్ద నిలువుటద్దం పడకగదిలో మంచానికి ఎదురుగా ఉంది, దాన్ని ఇటు తీసుకురా. మంచానికి ఎదురుగా అద్దం వద్దని ఫెంగ్‌షుయి వాళ్ళు గట్టిగా అంటారు. మీ నాయనమ్మ కూడా రాత్రిళ్ళు అద్దం మీద గుడ్డ కప్పేది. ముందుగదిలో దాన్ని కిటికీ పక్క గోడకు పెట్టు, ఎదురుగా కాదు. ఎదురుగా పెడితే వాలు ఎండ తిరిగొచ్చి కళ్ళల్లో పొడుస్తుంది. పక్కన పెడితే ఆకాశం వెలుగును గది లోపలికి తిప్పుతుంది. మబ్బు రోజున కూడా ఈ తేడా కనబడుతుంది. మీ ఊళ్ళో మబ్బు రోజులే ఎక్కువ కాబట్టి ముఖ్యంగా దానికే చెబుతున్నాను.

నీ పనిబల్ల ఉత్తరం గదిలో గోడకు ముఖం పెట్టి ఉంది. ఇంటినుంచి పనిచేసే రోజుల్లో పగలంతా ఆ గదిలోనే గడుపుతావు, బయటికి వచ్చేసరికి పొద్దు గుంకి ఉంటుంది. ఉన్న ఏడు గంటల పగలూ నీకు దక్కకుండా పోయేది అక్కడే. బల్లను ముందుగదిలోకి మార్చు. వీపు వెనక గోడ ఉండాలి, తలుపు కనబడుతూ ఉండాలి, తలుపుకు సరిగ్గా ఎదురుగా మాత్రం కూర్చోకూడదు. ఇది వాళ్ళ నియమం, నాకు నచ్చిన నియమం కూడా. టీచర్ల గదిలో ద్వారానికి వీపు పెట్టి కూర్చునే కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది, ఎవరూ ఏ శాస్త్రమూ చదవకుండానే.

రంగుల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎర్ర సోఫా కొంటానన్నావు కాబట్టి. చైనా వాళ్ళ అయిదు మూలకాలు మన పంచభూతాలు కావు. కలప, నిప్పు, మట్టి, లోహం, నీరు అవి. కలప నిప్పును పెంచుతుంది, నిప్పు బూడిదై మట్టవుతుంది, మట్టి లోహాన్ని కంటుంది, లోహం నుంచి నీరు, నీటివల్ల చెట్టు. శీతకాలం నీటి కాలం. దాని దిక్కు ఉత్తరం, దాని రంగు నలుపు. నీ గదిలో బూడిదరంగు సోఫా, నీలం పరదాలు, నల్ల గాజు బల్ల. బయట కాలం చాలదన్నట్టు లోపల కూడా నీరే. దాని మధ్యకు ఉన్నట్టుండి ఎర్ర సోఫా తెచ్చి పెడితే నీరు నిప్పును ఆర్పుతుందే గాని నిప్పు గెలవదంటారు. మధ్యలో కలపను కూర్చోబెట్టాలి. నీరు కలపను సాకుతుంది, కలప నిప్పును సాకుతుంది. ఎడమొహం పెడమొహంగా ఉన్న తోడికోడళ్ళ మధ్య ఆడపడుచు కూర్చున్నట్టన్నమాట. నమ్మినా నమ్మకపోయినా ఇది మంచి అలంకరణ సలహా. ముందు పచ్చని మొక్కలు, పాలిష్ పోని చెక్క సామాను, తర్వాత అక్కడక్కడ కాస్త ఎరుపు, పసుపు. ఎర్ర దిండు గలీబులు నాలుగు చాలు. సోఫా డబ్బు మిగులుతుంది.

మొక్కలంటే "లక్కీ బాంబూ" కొంటానంటావు, తెలుసు. కొనుక్కో. వెదురని పేరేగాని అది వెదురు కాదు, చైనాది కూడా కాదు. ఆఫ్రికా అడవుల నీడలో పెరిగే డ్రసీనా జాతి మొక్క. మన ఇళ్ళల్లో సీసాలో పెంచే మనీప్లాంటు కూడా పసిఫిక్ మహాసముద్రంలో ఏదో దీవిది. ఆ బాంబూ అదృష్టం తెస్తుందో లేదో గాని తక్కువ వెలుగులో చావకుండా ఉంటుంది, మీ ఇంటికి ఆ గుణం చాలు. అంతకంటే నేను చెప్పేది నార్సిసస్ అనే పూలమొక్క దుంపలు. మీ దగ్గర తోట దుకాణాల్లో దొరుకుతాయి. వెడల్పు గిన్నెలో గులకరాళ్ళు పోసి, దుంపలు నిలబెట్టి, అడుగున కాసిని నీళ్ళు పోసి కిటికీ దగ్గర పెడితే నెల, నెలన్నరకు పూస్తాయి. దక్షిణ చైనాలో కొత్త సంవత్సరానికి సరిగ్గా పూసేట్టు రోజులు లెక్కపెట్టి మరీ వీటిని పెడతారు. ఇల్లంతా వాసన. చిన్నదాన్ని మాత్రం దుంప నోట్లో పెట్టుకోనివ్వకు, అది విషం.

రాత్రి లైట్ల గురించి అట్టే చెప్పను. మన ఇళ్ళల్లోలాగా కప్పుకు ఒక తెల్ల లైటు వేసి గదంతా ఆసుపత్రి చేయకు. సాయంత్రాలు 2700 కెల్విన్ అని రాసిన పసుపు కాంతి బల్బులు, రెండు మూడు మూలల్లో, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో. మూల చీకటిగా ఉంటే చీ అక్కడ నిలవ పడిపోతుందట. మూల వెలిగితే గది పెద్దదనిపిస్తుంది, అది నేనూ చూశాను. దేవుడి దగ్గర దీపం మామూలుగానే పెట్టుకో, పరదాలకు దూరంగా. గుగ్గిలం పొగ వేస్తే అలారం మోగి మేడంతా కిందికి దిగిందన్నావు కదా, ఆ ముచ్చట చాలు.

నిలవ పడిన చీ అన్నాను గనుక గాలి మాట. బట్టలు రేడియేటర్ల మీద ఆరేస్తున్నావు, కుక్కరు ఆవిరి ఇంట్లోనే తిరుగుతోంది, కిటికీలు నవంబరులో మూస్తే మార్చిలో తెరుస్తున్నారు. ఆ తేమంతా ఎక్కడికి పోతుంది? చల్లటి బయటిగోడ మీద నీరై చేరుతుంది. ఆ గోడకు ఆనించిన బీరువా వెనక గాలి ఆడదు కాబట్టి అక్కడ నల్ల బూజు పడుతుంది. చిన్నదానికి రాత్రిళ్ళు దగ్గు వస్తోందన్నావు. బీరువా జరిపినప్పుడు వెనక ఏముందో చూడు. ఏ గోడకు పెట్టినా జానెడు ఖాళీ వదులు, బయటిగోడ కాకుండా లోపలిగోడ అయితే మరీ మంచిది. ఎంత చలి ఉన్నా పొద్దున్నా సాయంత్రమూ పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు తీయి. వంట చేసేటప్పుడు గాలి బయటికి లాగే ఫ్యాను వేయి.

ఇప్పుడు నీ భయం. గుమ్మం తెరిస్తే ఎదురుగా మెట్లు కిందికి పోతున్నాయి, ఇంట్లో డబ్బు దొర్లిపోతుందని ఎక్కడో చదివి నిద్ర పాడుచేసుకున్నావు. మీ మేడలో అన్ని వాటాల గుమ్మాలూ ఆ మెట్ల మీదికే తెరుచుకుంటాయి. వందేళ్ళ పైబడిన రాతి మేడ, ఎన్ని కుటుంబాలు కాపురాలు చేసి ఉంటాయి! నీకొచ్చిన రెండు పటాల్లో ధనస్థానం రెండు వేరు వేరు మూలల్లో ఉందని తల పట్టుకున్నావు కదా, దాని కథ ఇదీ. పాత పద్ధతిలో దిక్సూచి పెట్టి చూస్తారు. లిన్ యున్ అనే ఆయన అమెరికాలో ప్రచారం చేసిన కొత్త పద్ధతిలో దిక్కులతో పనిలేదు, గుమ్మంలో నిలబడి చక్రాన్ని ఇంటి మీద పరుస్తారు. పాశ్చాత్య దేశాల్లో పుస్తకాలు చాలావరకు ఆ రెండోదాన్నే అందుకున్నాయి. రెండు పద్ధతులు ఒకే ఇంట్లో రెండు చోట్ల డబ్బు మూల చూపిస్తుంటే, దేన్ని చూసి భయపడతావు? హాంకాంగ్‌లో 1990లో బ్యాంక్ ఆఫ్ చైనా మేడ కత్తుల్లాంటి అంచులతో లేచిందని, దానికి విరుగుడుగా పక్క బ్యాంకువాళ్ళు తమ మేడ మీద ఫిరంగుల్లాంటి యంత్రాలు పెట్టారని అక్కడివాళ్ళు కథలుగా చెప్పుకుంటారు. రెండు బ్యాంకులూ ఈనాటికీ డబ్బు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాయి.

ఆ ఎనిమిది పలకల అద్దం మాత్రం అసలు వద్దు. దాన్ని గుమ్మం బయట పెట్టి చెడును ఎదుటివాళ్ళ మీదికి తిప్పికొడతారు. చైనా ఊళ్ళల్లో దానివల్ల ఇరుగుపొరుగు తగవులు పడతారు. మీ ఎదురు వాటా ముసలావిడ చిన్నదానికి కేకులు చేసి ఇస్తుంది. ఆవిడ గుమ్మానికి గురిపెట్టి అద్దం తగిలిస్తావా? నవ్వే బుద్ధుడంటావా, ఆయన మన అమరావతి, నాగార్జునకొండ బుద్ధుడు కాదు. పదో శతాబ్దం నాటికి జెజియాంగ్ వైపు గోనెసంచి భుజాన వేసుకుని తిరిగిన బుదాయ్ అనే సన్న్యాసి. మైత్రేయుడి అవతారమని అక్కడ కొలుస్తారు. ఫెంగ్‌షుయి దుకాణంలోకి ఆయన తర్వాత వచ్చి కూర్చున్నాడు. చూస్తే నవ్వు వస్తుంది కాబట్టి ఒకటి తెచ్చుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు.

ఇంకొక విషయం. దీనికి ఏ శాస్త్రం ముసుగూ వేయను. పొద్దున్న లేవబుద్ధి కావడం లేదు, తీపి తినాలనిపిస్తోంది, ఎవరితోనూ మాట్లాడాలని లేదు అన్నావు. చలికాలంలో వచ్చి వసంతంలో పోయే ఇలాంటి దిగులును 1984లో నార్మన్ రోసెంథాల్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ వివరంగా రాశారు, దానికి వైద్యంలో పేరుంది, చికిత్స ఉంది. పొద్దున్నే అరగంట దాకా 10,000 లక్సుల దీపం ముందు కూర్చోమంటారు. లక్సు అంటే వెలుగు కొలత. మామూలు గది లైటు కొన్ని వందల లక్సులే ఇస్తుంది. కళ్ళ జబ్బులున్నవాళ్ళు అడిగి వాడాలి కాబట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు. విటమిన్ డి కూడా అడుగు. బ్రిటన్‌లో ఆకురాలు కాలంలోనూ చలికాలంలోనూ అందరినీ రోజుకు 10 మైక్రోగ్రాములు తీసుకోవడం గురించి ఆలోచించమంటారు, మన ఒంటిరంగువాళ్ళనైతే ఏడాది పొడవునా. మధ్యాహ్నం భోజనమయ్యాక ఎండ ఉన్నా లేకపోయినా అరగంట బయట నడువు. మబ్బు పట్టిన ఆకాశం కూడా నీ గది లైటు కంటే చాలా ఎక్కువ వెలుగు ఇస్తుంది. రెండు వారాలకు కూడా ఇలాగే ఉంటే, "అమ్మా బాగానే ఉన్నాను" అని నాతో అబద్ధం ఆడకుండా చెప్పు.

ఏడాది చివర ఇల్లు దులపడం మీ ఊళ్ళో కూడా ఉందట కదా. డిసెంబరు 31 రాత్రిలోపు పొయ్యిలో బూడిద ఎత్తిపోసి, ఇల్లు కడిగి కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టడం స్కాట్లండ్ ఆచారం. అర్ధరాత్రి దాటాక మొదట గడప తొక్కేది నల్లజుట్టు మగవాడైతే అదృష్టమని, అతను బొగ్గుముక్క తేవాలని అంటారు. అల్లుడుగారి జుట్టు అక్కడ అక్కరకొస్తుంది, మేడలో అన్ని వాటాలవాళ్ళకూ అరువివ్వమను. చైనాలో కొత్త సంవత్సరం ముందు ఇల్లంతా దులుపుతారు. పండగ నాడు మాత్రం చీపురు పట్టరు, భాగ్యం ఊడ్చుకుపోతుందని. వంటింటి దేవుడు ఆ రోజుల్లోనే పైకి వెళ్ళి ఇంటి గుట్టు చెబుతాడట. తియ్యగా చెప్పాలని ఆయన బొమ్మ మూతికి జిగురు మిఠాయి పూస్తారు. మన భోగికి పాత చేటలూ తట్టలూ మంటలో వేస్తాం. మీ మేడలో భోగిమంట కుదరదు కాబట్టి, ఆ వారం చిన్నదానికి పొట్టయిన బట్టలు, విరిగిన బొమ్మలు, మంచం కింద పెట్టెలు బయటికి పంపు. మంచం కింద సామాను పెట్టకూడదని ఫెంగ్‌షుయి కూడా అంటుంది. చీపురు పోవడానికి దారుంటే చీ పోవడానికీ దారుంటుందని నా భాష్యం.

మన ధనుర్మాసంలోనే చైనావాళ్ళ దోంగ్‌జి పండగ వస్తుంది, డిసెంబరు 21 గాని 22 గాని. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది ఆ రోజే. మన సంక్రాంతి కూడా ఒకప్పుడు అప్పుడే వచ్చేది. భూమి అక్షం మెల్లగా ఊగడం వల్ల శతాబ్దాలమీద జనవరి 14 దాకా జరిగింది. దోంగ్‌జి రోజున యిన్, అంటే చలీ చీకటీ, పరాకాష్ఠకు చేరి, యాంగ్, అంటే వెచ్చదనం వెలుగూ, మొలకెత్తుతుందని చైనావాళ్ళ మాట. ఉత్తరాదివాళ్ళు డంప్లింగులు, దక్షిణాదివాళ్ళు తియ్యని బియ్యప్పిండి ఉండలు తింటారు. మన పాలతాలికల పిండితోనే నువ్వూ చేయొచ్చు, ఉండలుగా చుట్టి బెల్లం, అల్లం నీళ్ళల్లో ఉడికించు. ఆ రోజునుంచి తొమ్మిది తొమ్మిదులు, అంటే 81 రోజులు చలిని లెక్కపెడతారు. కాగితం మీద ప్లమ్ కొమ్మ గీసి, తొమ్మిది పూలు, పూవుకు తొమ్మిది రేకులు పెట్టి, రోజుకో రేకుకు రంగు వేస్తారు. రేకులన్నీ పూర్తయ్యేసరికి మార్చి రెండో వారం, మీ దగ్గర పగలు దాదాపు పదకొండున్నర గంటలు ఉంటుంది.

మీ అత్తగారితో బీరువా సంగతి నేను మాట్లాడతాను. నువ్వు చెబితే కోడలు మాట వినలేదనిపిస్తుంది. నేను చెబితే ఇద్దరు పెద్దవాళ్ళ చర్చ అవుతుంది. కర్ర నీడ లెక్క ఆవిడకూ చూపిస్తాను, ఆవిడా టీచరే, అందులోనూ లెక్కల టీచరు. బట్టలన్నీ తీసేశాకే జరపండి, నువ్వు మాత్రం చేయి వేయకు, నీ నడుము సంగతి తెలుసు.

ఇవాళ పార్సెల్ వేస్తున్నాను. సున్నుండలు, జంతికలు, దిండు గలీబులకు నా ఎర్ర నేతచీర. ఎలాగూ కట్టడం లేదు, మొహమాటం లేకుండా కత్తిరించు. 81 రేకుల కొమ్మ చిన్నదాని కోసం మీ నాన్నగారు గీశారు. ఒక పూవుకు పది రేకులు పడ్డాయి, అది నేను దిద్దాను. డిసెంబరు 20 లోపు చేరకపోతే చెప్పు, ఫోటో తీసి ఫోనుకు పంపుతాను, అక్కడే ముద్రించుకోండి.

ఆశీస్సులతో,
అమ్మ